పదహారు గళ్ల కాగితం

పేరా, కాన్‌స్టాంటినోపుల్
1874 మార్చి 9

అత్తయ్యకు,

ఈ ఉత్తరం తిసారేవ్ చేరేసరికి నదిలో మంచు పగిలి మీకు నిద్ర పట్టకుండా చేస్తూ ఉంటుంది. ఇక్కడ మంచు లేదు, బురద ఉంది. రాయబార కార్యాలయం మెట్ల దగ్గర నిన్న మా రాయబారి గారు జారి పడబోతే నేనూ ఒక టర్కీ కాపలావాడూ చెరో చెయ్యి పట్టుకున్నాం. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో సామ్రాజ్యాన్ని నేను నా చేతులతో నిలబెట్టింది ఆ ఒక్కసారే అని చెప్పొచ్చు.

అసలు సంగతి. నన్ను ఏథెన్స్‌కు రాయబారిగా పంపే ఆలోచన వియన్నాలో ఉంది. కార్యదర్శిగా కాదు, రాయబారిగానే. పీటర్స్‌బర్గ్‌లో, రోములో, ఇక్కడ, ఇన్నాళ్లూ ఇతరుల మాటలకు ఇస్త్రీ చేసి పంపాను. మొదటిసారి నా మాట నేను రాసి కింద నా పేరు పెట్టుకుంటాను. ముప్పై ఏడేళ్లవాడికి ఇంతకంటే కోరిక ఏముంటుంది?

ఒక్క అడ్డంకి ఉంది. రాయబారి కావాలంటే ముందు చక్రవర్తి ఏలినవారి కొలువులో ఛాంబర్లిన్ అనే గౌరవ పదవి రావాలి. దానికి పదహారు గళ్ల కాగితం ఒకటి నింపాలి. ముత్తాతల, తాతమ్మల తల్లిదండ్రులు, మొత్తం పదహారు మంది. అమ్మవైపు కొందరిని చూసీ చూడనట్టు వదిలేస్తారు. నాన్నవైపు ఎనిమిది మందీ మాత్రం పుట్టు దొరలని చర్చి పత్రాలతో రుజువు చేయాలి. నాకు ఆరుగురే దొరికారు. ఓర్షోయా తాతమ్మ తల్లీ తండ్రీ ఎవరు? ఆ గళ్లు రెండూ ఖాళీగా ఉన్నాయి. వరదల్లో ఆ పత్రాలు కొట్టుకుపోయాయా?

వియన్నాలో నుస్‌బామర్ అని ఇలాంటి కాగితాలు నింపి బతికే పెద్దమనిషి ఉన్నాడు. వారసులు లేక అంతరించిన మంచి వంశం ఒకటి తన దగ్గర ఉందట. ఓర్షోయాను వాళ్ల కూతురిగా చూపిస్తే అడిగేవాడు లేడట. మన ఊరి చర్చి ఫాదర్ బెనెడెక్ ఒక్క సంతకం పెడితే చాలట. మీరేమంటారు?

మీ గసగసాల రొట్టె కోసం నాలుక చాస్తున్న
ఆగోష్టన్


తిసారేవ్
ఏప్రిల్ 2

ఒరేయ్ ఆగోష్టన్,

నీ ఉత్తరాన్ని నిప్పుల పట్టకారుతో తెరిచాను. దాని మీద వియన్నా వాళ్ల రెండు తలల గద్ద ముద్ర ఉంది. మన ఇంటి ముద్ర ఉంగరం ఏమైంది? అమ్ముకున్నావా, సిగ్గుపడి సొరుగులో పడేశావా? మన హంగేరీ తిరుగుబాటును అణిచి వియన్నా సైన్యం నా భర్తను చంపిన 1849 నుంచి నేను నల్లబట్టలు విప్పలేదని నీకు తెలుసు. ఆ గద్దను నా భోజనాల బల్ల మీదికి పంపడానికి నీకు చేతులెలా వచ్చాయి?

ఛాంబర్లిన్లను నేనూ చూశాను. బంగారు తాళంచెవి ఒకటి వెనక నడుముకు వేలాడుతూ ఉంటుంది. దానితో తెరుచుకునే తలుపు ప్రపంచంలో ఒక్కటీ లేదు.

పత్రాలేవీ కొట్టుకుపోలేదు. చర్చి పుస్తకం పొడిగా, భద్రంగా ఉంది. ఓర్షోయా తండ్రి బోదో మార్టన్. తల్లి షారా. మార్టన్ మన రేవులో బల్లకట్టు నడిపేవాడు. అతను జ్వరంతో పడుకున్న వసంతంలో పదిహేడేళ్ల కూతురు బల్లకట్టు మీదికి ఎక్కింది. మా తాత గుర్రంతో సహా వచ్చి నిలబడ్డాడు. దొరలు రేవు కూలి ఇవ్వనక్కర్లేదన్నది అప్పటి చట్టం.

"కూలి ఇవ్వరు, సరే. మోకు లాగండి మరి," అందట మా నాయనమ్మ.

"నేనెవరో తెలుసా నీకు?" అన్నాడట ఈయన.

"తెలుసు. చేతులున్నవారు."

లాగాడు. అవతలి ఒడ్డు చేరేసరికి అరచేతులు ఒలిచినట్టయ్యాయి. వారం తిరగకుండా మళ్లీ వచ్చాడు. అవతలి ఒడ్డున ఆయనకు పనేమీ లేదని ఊరంతటికీ తెలుసు. చుట్టాలు తలుపులు మూసుకున్నా చర్చిలో, పట్టపగలు, పెళ్లి చేసుకున్నాడు.

ఆమెను చచ్చిన వంశమేదో తెచ్చి దానికి అంటగడతావా? ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్లను చూశాను గాని, తెప్ప నడిపిన మనిషినే తగలేసేవాణ్ణి నా ఇంట్లోనే పెంచానని తెలియదు. ఫాదర్ బెనెడెక్ సంతకం పెట్టడు. పెడితే ఆయనకు నా ఇంట్లో చేపల పులుసు పుట్టదు.

రొట్టె పంపడం లేదు.

నిన్ను పెంచినందుకు ఈ పూట చింతిస్తున్న
యూఫ్రోజినా


పేరా
ఏప్రిల్ 27

అత్తయ్యా,

ఉంగరం అమ్మలేదు. కులచిహ్నం నకలు గీయడానికి నుస్‌బామర్ చిత్రకారుడికి ఇచ్చాను, ఇంకా తిరిగి రాలేదు. చేతికందిన కార్యాలయం ముద్ర వేశాను. అంతమాత్రానికే నన్ను వంశద్రోహిని చేశారు.

మీరు పాతికేళ్లుగా నల్లబట్టల్లో కూర్చుని వియన్నాతో మాట్లాడటం మానేశారు. అది మీ యుద్ధం, దండం పెడతాను. కానీ మాట్లాడకుండా కూర్చున్నవాళ్ల గురించి ఆ గదుల్లో ఏం మాట్లాడుకుంటారో మీకు తెలియదు, నాకు తెలుసు. విందు బల్ల దగ్గర నా ముందే ఒకాయన, "హంగేరీ వాళ్లా? గుర్రాన్ని ఇవ్వండి, కలాన్ని ఇవ్వకండి," అన్నాడు. అందరూ నవ్వారు. మర్నాడు ఆయన తప్పులతో రాసిన నివేదికను నేనే సరిదిద్ది పంపాను. ఏథెన్స్ నుంచి నా పేరుతో, నా కలంతో నివేదికలు వెళ్లాలని నేను కోరుకోవడం తాళంచెవి మీద మోజు కాదు.

ఓర్షోయా తాతమ్మ సంగతి మీరు రాయకముందు నాకు తెలియదు. చిన్నప్పుడు ఒక్కరూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆలోచించాను. ఇంతకుమించి ఇక్కడ రాయలేను. మా ఉత్తరాలు చాలా చేతులు మారతాయి. ఆ రెండు గళ్ల సంగతి నాకు వదిలేయండి. పరిస్థితులకు తగిన విధంగా, అన్ని పక్షాల గౌరవానికీ భంగం కలగకుండా పూర్తిచేస్తాను. మీరు దయచేసి ఫాదర్‌తో గానీ మరెవరితో గానీ ఏమీ అనకండి.

మీ
ఆగోష్టన్


తిసారేవ్
మే 18

అబ్బాయ్,

"పరిస్థితులకు తగిన విధంగా." పద్నాలుగేళ్లలో నేర్చుకున్నది ఇదన్నమాట. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. అవునో కాదో చెప్పని ఉత్తరాన్ని నా వయసు మనిషి అవుననే చదువుకుంటుంది. నోరు మూసుకోమంటున్నావంటే దొంగ సంతకం ఎక్కడో సిద్ధమైందని నాకు అర్థమైంది.

అందుకే నేను చేయవలసింది చేసేశాను. చర్చి పుస్తకంలోంచి ఓర్షోయా పుట్టుక, పెళ్లి అక్షరం పొల్లుపోకుండా ఫాదర్ బెనెడెక్ చేత నకలు తీయించి, దాని మీద మన ఊరి చర్చి ముద్ర వేయించి, వియన్నాలో ఆ గళ్ల కాగితాలు చూసే కార్యాలయానికి నా పేరు మీద పంపాను. పైన నాలుగు వాక్యాలు రాశాను. బెర్కెనీ ఆగోష్టన్ తాతమ్మ తండ్రి బల్లకట్టు నడిపేవాడని, ఇందులో ఎవరైనా వేరే పేరు చూపిస్తే అది అబద్ధమని రాశాను. మన మగ్యార్ భాషలోనే రాశాను. చదవగలిగినవాణ్ణి వాళ్లే వెతుక్కుంటారు.

కోపం వస్తే రానీ. తాటాకు చప్పుళ్లకు నేను బెదరను.

యూఫ్రోజినా


పేరా
జూలై 1

శ్రీమతి కౌంటెస్ యూఫ్రోజినా గారికి,

మీరు ఈసారి గెలిచారు. ఎవరి మీద గెలిచారో చెబుతాను, వినండి.

ఏప్రిల్ 27న మీకు ఉత్తరం రాసిన బల్ల దగ్గరే, అదే సిరాతో ఆ కాగితం నింపాను. ఏడో గడిలో "బోదో మార్టన్, బల్లకట్టు నడిపేవాడు, తిసారేవ్" అని రాశాను. ఎనిమిదో గడిలో "షారా, అతని భార్య" అని రాశాను. నుస్‌బామర్‌కు ఇక మీ సేవలు అక్కర్లేదని చెప్పేశాను. మా రాయబారి గారు వియన్నా వెళ్లినప్పుడు స్వయంగా ఇచ్చి, నా తరపున రెండు మాటలు చెబుతానని ఆ కాగితాన్ని తన పెట్టెలో పెట్టుకున్నారు. ఆయన ప్రయాణం రెండు వారాలు వెనకబడింది. ఈలోగా మీ నాలుగు వాక్యాలు వియన్నా చేరాయి.

జరిగింది రాయబారి గారి మాటల్లోనే వినండి.

"నీ కాగితం నేనిచ్చేసరికి మీ మేనత్త ఉత్తరం వాళ్ల బల్ల మీద ఉందయ్యా. చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ముసలావిడ పట్టించాక కుర్రాడు నిజం ఒప్పుకున్నాడన్నారు. నీ తారీఖు ముందుదని నేను చూపించాను. తారీఖు ఎవడైనా వేస్తాడన్నారు."

తారీఖు ఎవడైనా వేస్తాడు! నా జీవితంలో మొదటిసారి నా మాట నేను రాసి సంతకం చేశాను. దాన్ని దొరికిపోయిన దొంగ వాంగ్మూలంగా మార్చింది నన్ను పెంచిన చేయి. మీకు చెప్పకుండా దాచానంటారా? ఉత్తరాలు తెరిచి చదువుతారని, ముందే తెలిస్తే అడ్డు పెడతారని భయపడ్డాను. మీరు నన్ను ఒక్క నెల నమ్మి ఉంటే సరిపోయేది.

ఇంకో సంగతి. వాళ్లు దయ చూపడానికి సిద్ధంగా ఉన్నారట. ఆగస్టు చివరిలోగా ఒక విన్నపం మీద సంతకం పెడితే ఏథెన్స్ నాదే. విన్నపం ఒక్క వాక్యం: "నా వంశంలోని లోపాన్ని ఏలినవారు దయతో మన్నించగలరు." లోపం అంటే ఓర్షోయా.

ఏం చేస్తానో మీకు చెప్పను. మీరెలాగూ మీకు తోచిందే అర్థం చేసుకుంటారు.

ఇట్లు,
బెర్కెనీ ఆగోష్టన్
రాయబార కార్యదర్శి


తిసారేవ్
జూలై 24

నా తండ్రీ,

సంతకం పెట్టు.

ఈ మాట రాసేది నేనే. మతి పోయి రాయడం లేదు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా కొంపకు నేనే నిప్పు పెట్టుకుని, పొగ వచ్చిందని నిన్ను తిట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను, నిజమే. అయినా పట్టుకోనివ్వు. ఒక్క మాట కోసం ఏథెన్స్ వదులుకోకు. నాయనమ్మ ఉండి ఉంటే నవ్వి, "పెట్టరా, సిరాయే కదా," అని ఉండేది.

ఇంకోటి చెప్పాలి. అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఇప్పుడు చెప్పకపోతే చెప్పను. నేను నీ మీద అంత ఎగిరిపడ్డానే, ఎందుకో తెలుసా?

నాయనమ్మ 1830 ఫిబ్రవరిలో పోయింది. అప్పుడు ఇంటినిండా వియన్నా చుట్టాలు. మా అక్క పెళ్లి మాటలు నడుస్తున్నాయి. మా నాన్న, అంటే ఆమె కన్న కొడుకు, ఆమెను మన సమాధి గృహంలో పెట్టలేదు. నది ఒడ్డున పడవవాళ్ల శ్మశానంలో తెల్లవారుజామున పూడ్పించాడు. అది ఆమె కోరికని అందరికీ చెప్పాడు. ఆమె అలాంటి కోరిక ఏదీ కోరలేదు. చివరి వారమంతా మంచం పక్కన కూర్చున్నది నేనే.

ఆ ఉదయం పెళ్లికొడుకు తల్లి కాఫీ తాగుతూ నన్ను అడిగింది.

"గంట మోగింది. ఎవరైనా పోయారా అమ్మాయ్?"

"మా ఇంట్లో ఉండే ఒక ముసలావిడ అండీ," అన్నాను.

ఇరవై నాలుగేళ్ల దాన్ని. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. అంత తేలిగ్గా నోటి నుంచి వచ్చింది. ఆమె నాకు జడలు వేసింది, ఈత నేర్పింది, నా పెళ్లికని తన నారబట్ట అంచులు కుట్టి పెట్టింది. ఆమెను ఒక ముసలావిడను చేశాను. నీ చిన్నప్పుడు ఇంట్లో ఆమె ఊసు ఎవరూ ఎత్తలేదంటే, ఎత్తవలసినదాన్ని నేనే కాబట్టి. నువ్వు చేస్తావనుకున్న పాపం నేను చేసిందే. అందుకే అంత గట్టిగా నమ్మాను.

నువ్వు నిజం రాశావు. అది చాలు. సంతకం పెట్టి ఏథెన్స్ వెళ్లు. క్షమించమని అడగను, అడిగే ముఖం లేదు.

మీ అత్తయ్య

రొట్టె పంపుతున్నాను. దారిలో ఎండిపోతే పాలలో నానబెట్టుకో.


పేరా
సెప్టెంబర్ 3

అత్తయ్యా,

పెట్టలేదు.

ఆగస్టు ఆఖరు రోజున రాయబారి గారు నన్ను పిలిచి విన్నపాన్నీ కలాన్నీ నా ముందుకు తోశారు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరినీ నొప్పించకుండా రోజు గడిస్తే చాలనుకునే మనిషి.

"ఒక్క సంతకమయ్యా బెర్కెనీ. మాటదేముంది, అది గుమాస్తాల భాష."

"పద్నాలుగేళ్లు ఈ ఉద్యోగంలో నేర్చుకుంది ఒక్కటేనండీ. కాగితం మీద పడ్డ మాట గుమాస్తాది కాదు, కింద సంతకం పెట్టినవాడిది."

"మీ మేనత్త కూడా పెట్టమంటున్నట్టున్నారే?"

చూశారా, మీ ఉత్తరం కూడా తెరిచారు.

"మా అత్తయ్య ఇన్నేళ్లలో మొదటిసారి వియన్నా మాట వినమంటోంది. ఆవిడకు ఒంట్లో బాగాలేదేమోనని భయంగా ఉందండీ."

"హాస్యం కాదు. ఏథెన్స్ పోతుంది."

"పోనివ్వండి. ఈ లోపమనే మాట తీసేసి నాకు ఏ కాగితమైనా ఇవ్వండి, ఇప్పుడే పెడతాను."

"మాట మార్చరు."

"నేనూ మార్చను."

ఆయన విన్నపాన్ని వెనక్కి లాక్కున్నారు. రాజీనామా రాస్తావా అన్నారు. రాయనన్నాను. నేను పోతే వాళ్లకు హాయి, ఆ హాయి నేనెందుకివ్వాలి? ఛాంబర్లిన్ తాళంచెవి అడగని శాఖ ఒకటుంది కదా, కాన్సుల్ పని. దానికి మార్చమన్నాను.

"కాన్సులా? అది వర్తకుల కొడుకులు చేసే పని కదయ్యా! కౌంట్ అయ్యుండి నావికుల తగాదాలు తీరుస్తావా? పాస్‌పోర్టుల మీద ముద్రలు కొడతావా?"

"కొడతాను. వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ దాటించే పని మా ఇంట్లో ఇంతకుముందూ ఉంది."

దాంతో ట్రెబిజోండ్ ఇచ్చారు. నల్లసముద్రం ఒడ్డున వర్షం, హేజెల్ కాయలు, మూడు గదుల ఇల్లు. అక్కడి నుంచి వెళ్లే నివేదికల కింద నా పేరే ఉంటుంది. వాటిని చదివేవాళ్లు తక్కువే కావచ్చు. బాధ లేదంటే అబద్ధం. రాత్రి ఏథెన్స్ పటం మడిచి పెట్టె అడుగున పెట్టేశాను. పొద్దున లేచాక మాత్రం ఎవరికీ తల వంచవలసిన పని లేదని గుర్తొచ్చి, రెండు గుడ్లు ఎక్కువ తిన్నాను.

మీరు చెప్పిన ఆ ఉదయం గురించి రాత్రంతా ఆలోచించాను. మిమ్మల్ని తప్పు పట్టడానికి నేనెవరిని? మార్చిలో నుస్‌బామర్ మాట మీకు చేరవేసి, మీరేమంటారని అడిగింది నేనే. మన ఇద్దరిదీ ఒకటే తప్పు. మీరు ముందు పుట్టారు కాబట్టి ముందు చేశారు.

ఒకటి మాత్రం అడుగుతున్నాను, ఇంటి పెద్ద కొడుకుగా అడుగుతున్నాను. తాతమ్మను అక్కడి నుంచి తీయించి సమాధి గృహంలో మన వాళ్ల మధ్య పెట్టించండి. ఫాదర్ కాదంటే నేను వచ్చి మాట్లాడతాను.

రొట్టె రాయిలా వచ్చింది. పాలలో నానబెట్టకుండా అలాగే తిన్నాను.

మీ
ఆగోష్టన్


తిసారేవ్
అక్టోబర్ 20

నా బంగారు కొండకు,

ట్రెబిజోండ్ ఎక్కడుందో బడిపంతులు పటంలో చూపించాడు. బాగా దూరం. పోనీలే, ముద్రలు గట్టిగా కొట్టు.

సంతకం పెట్టలేదన్నావు చూడు, ఆ ముక్క చదివి వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. వంటమనిషి ఉల్లిపాయలు తరుగుతోంది, కలిసొచ్చింది.

నువ్వు అడిగింది మాత్రం చేయను. నాయనమ్మ నలభై నాలుగేళ్లుగా తన వాళ్ల మధ్య ఉంది. ఒక పక్క మార్టన్, ఒక పక్క షారా. ఇప్పుడు తవ్వి తెచ్చి, ఆమెను ఆ సమాధి గృహం గడప తొక్కనివ్వని కొడుకు పక్కన పడుకోబెట్టడం న్యాయమా? మనకు మనసు తేలికపడటానికి ఆమెను కదిలించడమెందుకు? ఆమె రాదు. నేనే వెళ్తాను.

నిన్న ఫాదర్ బెనెడెక్‌ను పిలిపించి చెప్పాను. నేను పోయాక నన్ను సమాధి గృహంలో పెట్టవద్దని, పడవవాళ్ల శ్మశానంలో ఓర్షోయా కాళ్ల దగ్గర చోటుందని, కొలిపించానని చెప్పాను.

"కౌంటెస్, ఆ నేల మీలాంటి వారికి తగింది కాదండీ," అన్నాడు.

"మా నాయనమ్మకు తగినప్పుడు నాకెందుకు తగదు?"

"ఊరు ఏమనుకుంటుందండీ?"

"బెర్కెనీ వాళ్ల ఆడది బల్లకట్టు వాళ్ల పక్కకు చేరిందనుకుంటుంది. అనుకోవాలనే కదా!"

ఆయన టోపీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. పులుసు రెండుసార్లు వడ్డించాక ఒప్పుకున్నాడు.

ఈ ఉదయం ఇద్దరు కూలీలతో రాయి తీసుకెళ్లాను. అక్కడ ఇంతకాలం ఒక చెక్క శిలువ తప్ప పేరు లేదు. రాయి మీద "బెర్కెనీ ఓర్షోయా, బోదో మార్టన్ కూతురు" అని చెక్కించాను. రేవులో జనం బల్లకట్టు కోసం ఎదురుచూస్తున్నారు. సంతకు వెళ్లే ఆడవాళ్లు, ఇద్దరు దొరలు, బండితో పన్ను అధికారి ఉన్నారు. ముసలి కౌంటెస్ పడవవాళ్ల శ్మశానంలో ఏం చేస్తోందని అందరూ ఇటే చూస్తున్నారు. బురదలో మోకాళ్ల మీద కూర్చున్నాను. నల్లబట్టలకు బురద కనపడదు.

"నేనే నాయనమ్మా, నీ మనవరాల్ని, ఫ్రోజీని వచ్చాను," అన్నాను.

ఆ మాట పైకి అని నలభై నాలుగేళ్లయింది. అవతలి ఒడ్డుకు కూడా వినపడి ఉంటుంది. వినపడాలనే అంత గట్టిగా అన్నాను.

నీ అత్తయ్య,
ఓర్షోయా మనవరాలు
యూఫ్రోజినా